ఆగమమా, ఆదేశమా అని అడిగిన బావగారు

మా అక్క ఫోను చేసి, "తమ్ముడూ, మీ బావ లేవడంలేదురా, ఎంత పిలిచినా పలకడంలేదు" అన్నది. లండన్ శివారు వెంబ్లీలో మా రెండిళ్లకీ నడుమ ఒకే వీధి. నేను చేరుకునేసరికి అంతా ముగిసింది. మాఘమాసపు తొలి వారంలో, నిద్రలోనే, మా బావగారు కన్నుమూశారు. పిలిస్తే పలకకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

యౌవనంలో ఆయన భారత సైన్యంలో వైద్యుడు. తర్వాత ఈ దేశం వచ్చి, ఇదే పేటలో జీపీగా, అంటే కుటుంబ వైద్యుడిగా, క్లినిక్ నడిపి, వార్ధక్యంలో విశ్రాంతి తీసుకున్నారు. రాజకీయాల్లో సంప్రదాయవాది. పన్ను తక్కువగా ఉండాలి, ప్రభుత్వం తన హద్దులో తానుండాలి, పాతదాన్ని కూల్చే ముందు అది ఇంతకాలం ఎందుకు నిలిచిందో తెలుసుకోవాలి అనేవారు. వీటిలో ఆయనకూ నాకూ భేదం లేదు. ఆయన తన పక్షంతో పోట్లాడింది ఒక్క విషయంలోనే. అది యుద్ధం. పరదేశంలో చేసే యుద్ధం కంటే పెద్ద ప్రభుత్వం మరొకటి లేదని ఆయన సిద్ధాంతం. టీవీలో పటం పెట్టి, సేనలు ఎటు కదులుతాయో ఎర్ర బాణాలతో చూపుతుంటే, "ఆ బాణం మొన దగ్గర ఒకడి మోకాలుంటుందోయ్. గీసేవాడికి కనపడదు" అని శబ్దం తగ్గించేవారు. ఆపేసేవారు మాత్రం కాదు. చివరిదాకా చూసేవారు.

శనివారం సాయంత్రాలు వారి ముందుగదిలో కొందరం కూడేవాళ్లం. అంతకుముందు ఒక గంట, ఆయన మనవరాలికి నేను తెలుగు వ్యాకరణం చెప్పేవాణ్ణి. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఒకనాడు సంధులు చెబుతున్నాను. "మా, అమ్మ అనే రెండు మాటలు కలిసినప్పుడు నడుమ యకారం వచ్చి, మాయమ్మ అవుతుంది. ఎవర్నీ వెళ్లగొట్టకుండా, స్నేహితుడిలా పక్కన చేరుతుంది కనుక అది ఆగమం. వాడు పోయె అన్నది వాడు వోయె అయినప్పుడు, వకారం పకారాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది. పగవాడిలా వచ్చే ఆ అక్షరం ఆదేశం" అన్నాను.

"సో, ఆగమం ఈజ్ ది నైస్ వన్?" అన్నది పిల్ల.

పత్రిక చదువుతున్న బావగారు కళ్లద్దాల మీదుగా చూశారు. "ఏవోయ్, ఆదేశమంటే ఆర్డరు కదా? సైన్యంలో మాకు రోజూ వచ్చేవి. మీ వ్యాకరణానికి ఇంత లోకజ్ఞానం ఉందని ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారు. అప్పటినుంచి ఆ రెండు మాటలూ ఆయనవైపోయాయి. కొత్త మంత్రి వచ్చినా, ఇంట్లోకి కొత్త కుర్చీ వచ్చినా, ఆగమమా ఆదేశమా అని అడిగేవారు.

అమెరికా ఎన్నికల వేళ ఒక అధ్యక్ష అభ్యర్థి తన ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రకటించిన వేసవి నాకు బాగా గుర్తుంది. ఎంపికైన మనిషి దూరదేశపు యుద్ధాలు తమ దేశానికి తగవని బాహాటంగా మాట్లాడినవాడు. సంప్రదాయవాదుల్లో యుద్ధం వద్దనే మావంటి వాళ్లు ఎప్పుడూ అల్పసంఖ్యాకులే. మా మాట అంత ఎత్తున వినబడటం నాకు పండుగలా అనిపించింది. మావంటి ఆలోచన గల కొందరు లండన్ మిత్రులు ఆ ఎంపికను స్వాగతిస్తూ ఒక ప్రకటన సిద్ధం చేశారు. సైన్యంలో పనిచేసిన వైద్యుడి సంతకం ఉంటే దానికి బలమని, నేనే దాన్ని బావగారి ముందు పెట్టాను.

వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కడప అబ్బాయి కూడా ఆ శనివారం ఉన్నాడు. ప్రభుత్వం ఎంత కుదించుకుపోతే మనిషికి అంత స్వేచ్ఛ అనే పక్షం అతనిది. వాళ్లను ఇక్కడ లిబర్టేరియన్లంటారు.

"యుద్ధం వద్దంటాండాడు, సరే సార్. సుంకాలు పెంచుతామంటాండారు కదా? సుంకం గూడా యుద్ధమే. తుపాకీ ఒకటే తక్కువ" అన్నాడతను.

"నాయనా, సారథి మంచివాడైతే రథం మంచి దారిన పోతుంది. మన పురాణాలన్నీ చెప్పేది అదే" అన్నాను నేను.

బావగారు నవ్వారు. "అసలు రథమే కట్టొద్దన్నవాళ్లం కదటోయ్ మనం! సారథి నచ్చాడని ఎక్కి కూర్చుంటున్నావేం?"

అక్క వంటింట్లోంచి, "రథాలూ వద్దు, ఏమీ వద్దు. బజ్జీలు చల్లారిపోతున్నాయి" అని కేకేసింది.

"తాతయ్యా, దట్ వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ ఈజ్ ది రన్నింగ్ మేట్. మేట్, యూ నో, ఫ్రెండ్" అన్నది మనవరాలు.

"అయితే ఆగమం అన్నమాట. పక్కన చేరాడు. ఈయన చేరినందువల్ల అధ్యక్షుడయ్యే పెద్దాయన మాట మారుతుందా, పెద్దాయన మాటే ఈయన నోట్లో ఆదేశంగా వచ్చి కూర్చుంటుందా? ఒక యుద్ధం వద్దంటున్నాడు, నాకూ సంతోషమే. ఇంకో దేశం పేరెత్తితే పిడికిలి బిగిస్తున్నాడు. తనవాళ్లకు నచ్చిన యుద్ధం వచ్చిన రోజున వద్దననీ. ఆ రోజు నా చేత రెండు సంతకాలు పెట్టించుకో" అన్నారు. సంతకం పెట్టకుండానే కాగితాన్ని మర్యాదగా మడిచి నా చేతికిచ్చారు.

ఆ గదిలో మరొకామె కూడా ఉన్నది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుగా పనిచేసే క్రైస్తవ మహిళ. డ్యూటీల రోటా కుదిరిన శనివారమల్లా వచ్చేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు బ్రిటిష్ సైన్యంలో చేరాడు. అమెరికా కదిలితే ఈ దేశం కూడా వెంట కదులుతుందని ఆమెకు తెలుసు. అప్పుడామె అడిగింది.

"అంకుల్, ఈయనొస్తే మావాణ్ణి ఎక్కడికీ పంపరు కదండీ?"

నా నాలుక చివరకు ఓదార్పు వచ్చింది. బావగారు నాకంటే ముందు మాట్లాడారు.

"తెలీదమ్మా. తెలుసంటే అబద్ధమవుతుంది. అక్కడెవరో పదవిలోకొస్తే మనవాడికి ఢోకా లేదని నేను చెప్పలేను. ఒకటి మాత్రం చెబుతా. పంపుతామన్న రోజున, వద్దని ఎంపీ ఆఫీసు గుమ్మం ముందు నీ పక్కన నిలబడతా. ఎవరి పార్టీ ఏదైనా సరే."

"మీ అరిగిన మోకాళ్లతోనా అంకుల్?" అన్నది ఆమె, కన్నీళ్ల మధ్య నవ్వుతూ.

"కుర్చీ తెచ్చుకుంటాలేమ్మా."

ఎన్నిక ఫలితమూ ఆ తర్వాతి సంగతులూ మీరు పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. నా అంచనా నెగ్గిందా, ఆయన అనుమానం నెగ్గిందా అని తేల్చడానికి ఇది రాయడం లేదు. ఆ ఎంపిక మేలైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. మేలైన ఎంపిక జరిగిందని మన కాపలా చాలించకూడదని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వ్యాకరణశాస్త్రం చదివినవాణ్ణి నేను. ఆ రెండు మాటలకూ ప్రయోజనం చూపించినవారు ఆయన. అందుకు నేను ఆయనకు ఋణపడి ఉన్నాను.

కర్మకాండ ముగిసిన మరుసటి శనివారం అక్క తలుపు తీసే ఉంచింది. కడప అబ్బాయి వచ్చాడు. చివరగా నర్సు వచ్చింది. ఆమె కొడుకు ఇంకా బ్యారక్స్‌లోనే ఉన్నాడు. వార్తల్లో మళ్లీ ఎర్ర బాణాలు కనబడుతున్నాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు నా పక్కన ఎవరు నిలబడతారండీ?"

"నేను నిలబడతానమ్మా" అన్నాను.

"నేనూ వస్తా అక్కా. లీవ్ పెట్టైనా వస్తా" అన్నాడు కడప అబ్బాయి.

అక్క నాకు బావగారి కుర్చీ చూపించింది. "అందులో కూర్చోరా, ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నా" అన్నది. నేను వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చి, ఆ కుర్చీని కదపకుండా, దాని పక్కన వేసుకున్నాను. మనవరాలు నన్నూ కుర్చీనీ చూసి, "ఆగమం" అన్నది మెల్లగా. నర్సు తన కోటు విప్పి, కుర్చీకి అటువైపు వచ్చి కూర్చున్నది. టీవీలో పటం కనబడగానే అక్క లేచి, ఆయన చేసినట్టే, శబ్దం తగ్గించింది. ఆపలేదు.