మక్కల మధ్యన ఆగిన బంతి

ఆ రోజుల్లో అచ్చులో కనిపించిన ప్రతి మాటా నిజమనీ, ఆ మాటను చదవగలిగినవాడికి లోకంలో ఎదురు లేదనీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇరవై మూడేళ్ల వయసులో ఇంతకన్నా పెద్ద రోగం రాదు.) డిగ్రీ అయ్యాక మా ఆదిలాబాద్ వైపే, మా ఊరిని ఆనుకుని ఉన్న సిమెంటు కంపెనీలో గుమస్తాగా చేరాను. ఏడాది పని చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. ఖాయం చేసే చెయ్యి పెద్దసారుది, ఆ పెద్దసారుకు గోల్ఫ్ పిచ్చి. కాలనీ వెనక బీడును చదును చేయించి, తొమ్మిది గుంతలు తవ్వించి, ఆదివారాలు కర్ర పట్టేవాడు. వాదులాట వస్తే తీర్పు చెప్పడానికి ఆ ఇంగ్లీషు రూళ్ల పుస్తకం చదివే ఓపిక ఉన్న మనిషి కావాల్సొచ్చింది. కర్ర ఎటు పట్టుకోవాలో తెలియకుండానే నేను అంపైర్నయిపోయాను.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది అడ్డంకుల సంగతి. బంతి పోయి మనిషి చేసిన వస్తువు దగ్గర ఆగితే, ఆటగాడికి శిక్ష లేకుండా ఊరట ఇవ్వాలి. చెట్టూ పుట్టా దేవుడిచ్చినవి, అక్కడ ఎవరి కర్మ వారిది. బకెట్ లాంటి కదిలే వస్తువైతే దాన్ని తీసేసి బంతి ఆగిన చోటి నుంచే ఆడుకోవచ్చు. పంపుహౌస్ లాంటి కదలనిదైతే, గుంతకు దగ్గర కాకుండా, అడ్డు తొలిగే అతి దగ్గరి చోటు చూసుకుని, అక్కడ కర్ర పొడవు లోపల బంతిని వదలాలి. నచ్చిన చోటు కాదు, దగ్గరి చోటు. అక్కడ ముళ్లకంప ఉంటే ముళ్లకంపే. ఇదంతా రోజూ అన్నం తింటూ మా అవ్వకు (మాకు అవ్వంటే అమ్మే) అప్పజెప్పేవాణ్ణి. "గింత సదువు సదివి గిదా కొడుకా నీ కొలువు?" అని ఆమె ఇంకో గరిటె పప్పు వేసేది.

ఆ యేడు మక్కలు (అదే, మొక్కజొన్నలు) ఒలిచిన వారమంతా ముసురు. తేమ ఉన్న మక్కలను మార్కెట్ యార్డులో ఎవ్వరూ ముట్టరు, కుప్ప మీద ఇంకో రెండు రోజులుంటే మొలకలొస్తాయి. అవ్వకు నిద్ర లేదు. శనివారం సాయంత్రం మబ్బు విడిచేసరికి రోడ్డంతా ముందే ఊరివాళ్ల మక్కలతో నిండిపోయింది. నేను మహా తెలివిగా, "అవ్వా, కంపెనీ మైదానంల ఆరబోయ్. గింత బురదల ఎవ్వడాడుతడు? ఫికర్ జెయ్యకు" అన్నాను. మక్కలకు పనికొచ్చే ఎండ గోల్ఫుకూ పనికొస్తుందని నా బుర్రకు తట్టలేదు. ఆదివారం పొద్దున నువ్వులు వేసి కాల్చిన సర్వపిండి నోట్లో ఉండగానే కంపెనీ డ్రైవర్ వచ్చి, మంచిర్యాల పంటి డాక్టరుతో ఈరోజే కప్పు మ్యాచని చెప్పాడు. రెండేళ్లుగా కప్పు డాక్టరుదే. ఈసారి ఎట్లాగైనా తెస్తానని పెద్దసారు పంతం.

ఎనిమిది గుంతల దాకా ఇద్దరూ సమానం. తొమ్మిదో గుంత దగ్గర పెద్దసారు కొట్టిన బంతి ముచ్చటగా లేచి, టార్పాలిన్ (మావాళ్లు పరదా అంటారు) మీద పరిచిన ట్రాలీడు మక్కల నడుమ పడింది. వాటిని కాళ్లతో తిరగేస్తూ మా అవ్వ నిలబడి ఉంది. కంపెనీ మైదానంలో మక్కలు పోయించింది నేనే అని తెలిస్తే కొలువు గోవిందా. ఏం చేశానంటే (రాయడానికి ఇప్పటికీ సిగ్గే), ఆమె ఎవరో అన్నట్టు గొంతు పెంచి, "ఏయమ్మా! జర పక్కకు జరుగు" అన్నాను.

అవ్వ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "గట్లనే సారూ" అంది. "మీరెవ్వలో నాకు తెల్వదు గని, మూతికి నువ్వులంటుకున్నయి, తుడ్సుకోండ్రి."

డాక్టరు పకపకా నవ్వాడు. పెద్దసారుకు నవ్వే తీరిక లేదు. పరదా ఎత్తేస్తే ఎదురుగా గుంత, కప్పు తన చేతిలో. ఎత్తకపోతే దగ్గరి చోటు నల్లతుమ్మ కంప వెనక.

"నలుగురు తోటమాలీల్ని పిలిపిస్తాను. ఇది కదిలే వస్తువే కదా, చెప్పవోయ్."

"ఎత్తుతరా?" అవ్వ మక్కల మధ్యన కూర్చుంది. "వారానికి ఎండ ఎల్లింది. గీ పచ్చి మక్కలు మళ్ల కుప్పవోస్తే మొలకలస్తయి. గా గుడ్డంత బంతి కోసం నా పంట ఖరాబు చేస్తరా సారూ?"

అడిగింది పెద్దసారునే. చూసింది మాత్రం నన్ను. పుస్తకంలోని మాట నాకు కంఠతా వచ్చు: దేనికీ నష్టం లేకుండా, మామూలు ప్రయత్నంతో తీయగలిగితేనే అది కదిలేది. "కదలనిదే సార్" అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేకపోయాను. "ఇక్కడ పోయమన్నది నేనే. ఆమె మా అవ్వ."

పెద్దసారు నన్నూ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. "మీ అమ్మ కాబట్టి కదలదంటావా?"

"లేదు సార్. ఇన్ని మక్కలు ఎవరి అమ్మవైనా కదలవు."

పెద్దసారు పుస్తకం లాక్కుని రెండుసార్లు చదివి, కంప వెనక బంతి వదిలాడు. అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టాయి. కప్పు మూడోసారీ మంచిర్యాలకే పోయింది. నా ఖాయం కాగితం మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. (కారణం రాయలేదు, నేనూ అడగలేదు.)

ఆ పొద్దుగూకేసరికి మక్కలు ఎండి గలగలలాడాయి. తల దించుకుని పోతే అవ్వ ఖాళీ గోనెసంచి నా మీదికి విసిరి, "రండ్రి సారూ, మూతి వట్టుండ్రి" అంది. పట్టాను. నింపుతున్నంత సేపూ నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మక్కల దుమ్మేనని చెప్పాను, ఆమె నమ్మినట్టు లేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో నా కింద ఏడుగురు పనిచేస్తారు, అందరూ సారే అంటారు. అవ్వ మా ఇంటికొచ్చినప్పుడు నేను ఫోనులో ఎవరిమీదైనా గొంతు పెంచితే చాలు, వంటింట్లోంచి "మూతి తుడ్సుకోండ్రి సారూ" అని వినిపిస్తుంది. నువ్వులేమీ ఉండవు. అయినా తుడుచుకుంటాను.