పట్టుచీరకు అంటిన వాసన

మా అక్క వకుళకు చిన్నప్పటి నుంచీ తేనెటీగలంటే హడల్. ఎవరైనా భయపడ్డ దాన్నుంచి దూరంగా పోతారు. ఈవిడ మాత్రం వాటి మీదే పీహెచ్‌డీ చేసి, తిరుపతిలో ఒక యూనివర్సిటీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఈగను మంచు మీద ఉంచి మత్తెక్కించి, తల మాత్రం బయటికి వచ్చేలా సన్నటి గొట్టంలో బిగిస్తుంది. దాని మీసాల ముందు ఒక వాసన వదిలి, వెంటనే పంచదార నీళ్లు పెడుతుంది. కొన్నిసార్లు అలా చేశాక, వాసన తగిలితే చాలు, అది నాలుక చాపుతుంది. ఈగలకు బడి పెట్టుకున్నావా అని ఏడిపించేవాణ్ని.

తర్వాత ఆమె ఈగల భయం మీద పనిచేసింది. తేనెటీగ కుట్టినప్పుడు మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుందట. అది సోకితే మిగతావన్నీ అక్కడికే వచ్చి మీద పడతాయట. నువ్వుగింజంత మెదడు ఆ క్షణంలో పారిపోవాలో కుట్టాలో ఎలా తేల్చుకుంటుందన్నది ఆమె ప్రశ్న. అందుకోసం ఆ వాసనను సీసాల్లో తెప్పించుకునేది.

మా నాయన రంగరాజుకు ఈ చదువు గిట్టేది కాదు. కారణం ఉంది. ఒకసారి ఒకే ఒక్క ఈగ కుడితే గొంతు వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. ఇంకోసారి కుడితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి అక్క స్నానం చేసి, విడిచిన బట్టలు నానబెట్టి గానీ ఆయన దగ్గరికి వెళ్లేది కాదు.

సత్యవేడు దగ్గర ఒక గుడిలో ఏటా ఉత్సవానికి పల్లకీ మోసే వంతు మా ఇంటిది. నిరుడు అక్క ల్యాబు నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. బావి దగ్గర తలస్నానం చేసి, ల్యాబు బీరువాలో దాచుకుని, వెంట తెచ్చుకున్న పట్టుచీర కట్టుకుంది. మా ఇళ్లలో పట్టు ఎప్పుడూ మడే, తడపనక్కర్లేదు. నూలుచీరైతే తడిపి ఆరేసేదే. బీరువాలో ఆ వాసన సీసా ఒకటి మూత వదులై, మడతల్లోకి కారిన సంగతి ఆమెకు తెలియదు. ఏళ్లుగా ఆ వాసనే పీల్చిన ముక్కు దాన్ని పట్టలేకపోయింది.

పల్లకీ గోపురం కిందికి వచ్చింది. ముందు నాయన భుజం, వెనక నాది. గోపురానికి ఎన్నాళ్ల నుంచో కొండ తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. పక్కనే నడుస్తున్న అక్క పైట మీద ఒక ఈగ వాలింది, తర్వాత ఇంకొకటి. ఆమె పైట ముక్కు దగ్గరికి తీసుకుంది. ముఖంలో నెత్తురు లేదు. పైన తుట్టె మీద ఈగలు అలలుగా లేచాయి, జనం పరుగులు పెట్టారు. పల్లకీ దించేద్దామని నేనంటే, మండపం చేరేదాకా స్వామిని నేలకు దించేది లేదన్నాడు నాయన.

"రామూ, నాయన్ను కదలనీయొద్దు. వాసన నా చీరకు ఉండాది," అని అక్క పొలాల వైపు తిరిగింది.

పరిగెత్తలేదు. అవన్నీ తన వెంటే రావాలని నడిచింది. నల్లటి గుంపు ఆమె మీద ముసురుకుంది. పల్లకీ బొంగు కింద భుజం తీయలేక చూస్తూ నిలబడ్డాను. దేవుడి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఏకాంబరం అనే రైతు ఆమెను మోటారు తొట్టిలో ముంచి, తడి గోనెసంచులు కప్పాడు. నేను పోయేసరికి ఆ ముఖం మా అక్కది కాదు.

"నాయనకు కుట్టిందా?" అంది.

లేదన్నాను. కళ్లు మూసుకుంది.

ఆసుపత్రిలో బతికి బయటపడింది. కానీ ఇన్ని కాట్ల తర్వాత ఆమె ఒళ్లూ నాయన ఒళ్లు లాగే అయిపోయిందనీ, ఇక ఒక్క ఈగ చాలుననీ డాక్టరు చెప్పాడు. ఆ ఉద్యోగం మానేస్తుందనుకున్నాం. కోలుకున్నాక ఒక పొద్దున క్యారియర్ సర్దుకుంది. నాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నాకోసం నువ్వు వాటి ముందర నడిచి పోతివి. నీకేమన్నా అయితే నేను యాడికి నడవాలమ్మా?"

"నాకూ భయమే నాయనా. ఆ భయం యాడ పుడతాదో సగం దాకా కనుక్కున్నాను."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె ల్యాబు నుంచి బయటికొచ్చి ఫోన్ చేసేదాకా మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.