తొట్టి దగ్గరికి రాని గొర్రె

తెలంగాణ వచ్చాక ఐదో వానాకాలం అది. కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో నేను గోపాలమిత్రగా తిరుగుతున్నాను. అంటే బర్రెలకూ ఆవులకూ చూలు కట్టే ఎద సూదులు వేయడం, డాక్టరు వచ్చేలోపు పశువులకు ప్రథమ చికిత్స చేయడం. చదివింది పదో తరగతే. మిగిలిన చదువంతా శాఖా గ్రంథాలయంలో. అక్కడి పశువైద్యం పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెబుతాను.

ఫోన్లొచ్చి జనం ఆలోచించడం మానేశారా, లేక వాళ్లకు తెలివి పెరిగిందా అని గ్రంథాలయంలో మా మధ్య తరచూ వాదన వస్తుంది. అప్పుడల్లా నాకు ఈరమ్మ అవ్వ గొర్రెల దొడ్డి గుర్తుకొస్తుంది.

ఆ వానాకాలంలో ఒక పొద్దున అవ్వ కొడుకు మల్లేశ్ ఫోన్ చేస్తే వెళ్లాను. దొడ్డిలో రెండు గొర్రెలు చచ్చి పడున్నాయి. ఆరు లేవలేకుండా ఉన్నాయి. వాటి మూత్రం బెల్లం పానకం రంగులో ఉంది. కళ్ల లోపలి పొర పచ్చబడింది.

"పిడుదుల జరమే అన్నా. ఫోన్ల సూసిన. ఉచ్చ ఎర్రగొస్తే గదేనంట," అన్నాడు మల్లేశ్.

నేనూ ఫోన్ తీసి వెతికాను. 'గొర్రెలకు ఎర్ర మూత్రం' అని కొడితే మొదట వచ్చింది బేబీసియా. పిడుదులు, అంటే పశువుల ఒంటికి పట్టి నెత్తురు తాగే పురుగులు, కుట్టినప్పుడు లోపలికి చేరే సూక్ష్మజీవి అది. పుస్తకంలో చదివిందే కాబట్టి తల ఊపాను. థర్మామీటర్ పెట్టి చూస్తే మాత్రం ఒక్కదానికీ జ్వరం లేదు. జ్వరం లేకుండా బేబీసియా ఏమిటని ఆగి ఆలోచించాల్సింది. వచ్చి దిగిపోయిందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జవాబు ముందే చేతిలో ఉంది కదా!

"రేపు పొద్దుగాల జడ్చర్ల నుంచి బేరగాడు లారీ తోలుకొస్తడు. అన్నీ ఇచ్చేస్త. ఉన్నయన్న దక్కుతయ్," అన్నాడు మల్లేశ్.

అప్పటిదాకా చచ్చిన గొర్రె పక్కన కూర్చున్న అవ్వ లేచింది. ఆ మంద ఆమె అత్త చేతి మీదుగా వచ్చింది. ఆమె నడిచిన దారులన్నీ వాటి వెనకే.

"నన్నడిగినవారా?"

"ఫోన్ల డాక్టర్లే చెప్తుండ్రమ్మా."

"గా డాక్టరు నా గొర్ల మొకం సూసిండా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా. పిడుదులు గుట్ట మీద పడ్తయా, ఇంట్ల పడ్తయా?"

"గుట్ట మీదనే ఎక్కువ అవ్వా."

"మరి గుట్టకు వోయేటివి గంతులేస్తున్నయ్. ఇంటికాడ ఉన్నయే పడ్డయ్. గిదేం జరం?"

ఎండాకాలంలో బక్కచిక్కిన వాటిని మేతకు పంపకుండా మల్లేశ్ రెండు నెలలుగా ఇంటి దగ్గరే పోషిస్తున్నాడట. ఎన్ని అని అడిగాను.

"లెక్క నాకేమెరుక? మొకాలెరుక," అంది. కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయింది. కుంటిదాని బిడ్డ, చెవి చీలింది, పోయినేడు కవలలు ఈనింది, నక్క పట్టబోతే తప్పించుకున్నది... నేను కాగితం మీద రాశాను. తొమ్మిది పేర్లు. రెండు చచ్చాయి, ఆరు పడ్డాయి. ఒకటి మిగిలింది. అదేదని అడిగాను.

"బెదురుదా? అది మంచిగనే ఉన్నది. అగో," అని మూలకు చూపించింది. ఒక నల్ల గొర్రె గోడ వారగా నిలబడి నింపాదిగా నెమరు వేస్తోంది.

"దానికెందుకు రాలేదవ్వా?"

"అది తొట్టికాడికి రాదు బిడ్డా. నలుగుర్ల తినాల్నంటే సిగ్గు. నేను కొమ్మ ఇరిసి ఏస్తే తింటది."

పరిశోధన చేసేవాళ్లు కొన్నిటికి మందు పెట్టి, ఒకదానికి పెట్టకుండా తేడా చూస్తారని పుస్తకంలో చదివాను. ఇక్కడ ఆ పరీక్ష దానంతటదే జరిగిపోయింది. దాన్ని చూసినది మాత్రం అవ్వ ఒక్కతే.

"మల్లేశ్, తొట్టిలో ఏమేస్తున్నవ్?"

వాడు సంచి తెచ్చాడు. పాలిచ్చే బర్రెల కోసం చేసిన మినరల్ మిక్చర్, అంటే ఖనిజ లవణాల పొడి. "బలమొస్తదని వీడియోల చెప్పిండన్నా. దానాల కలిపి రోజు పెట్టిన." ఆ వీడియో తెరిచి చూశాను. అందులో ఆయన చెప్పింది బర్రెల గురించే, సరిగానే చెప్పాడు. గొర్రెల మాట ఆయన ఎత్తలేదు, మల్లేశ్ అడగలేదు.

మళ్లీ అదే ఫోన్ తీశాను. ఈసారి ప్రశ్న మార్చాను. నాకొచ్చిన గ్రంథాలయం ఇంగ్లీషులో అవ్వ చెప్పినదంతా రాశాను: జ్వరం లేదు, మూత్రం ఎరుపు, బర్రెల పొడి తిన్నవాటికే వచ్చింది. క్షణంలో జవాబు వచ్చింది. కాపర్ పాయిజనింగ్, అంటే రాగి విషం. బర్రెలు తట్టుకునే రాగిని గొర్రెలు తట్టుకోలేవు. వాటి కాలేయంలో అది నెలల తరబడి పేరుకుపోయి, ఒకరోజు ఒక్కసారిగా నెత్తురులోకి వస్తుంది. ఎక్కడో సముద్రాల అవతల ఒక గొర్రెల రైతు తన దొడ్డిలో ఇదే జరిగిందని రాసుకున్నాడు. ఆయన బాధ మా గుట్టల దాకా వచ్చి మాకు దారి చూపింది. అవ్వ బుర్ర చూసి ఆశ్చర్యపోయినంతగా ఆ ఫోన్‌ను చూసి కూడా ఆశ్చర్యపోయాను.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వచ్చారు. పోస్ట్‌మార్టం చేస్తే మూత్రపిండాలు నేరేడు పండ్లలా నల్లగా ఉన్నాయి. "రాగి విషమే అనిపిస్తోంది. ల్యాబ్‌కు పంపుదాం. ఆ సంచి మాత్రం ఈ క్షణమే ఆపేయండి," అన్నారు. వైద్యం మొదలుపెట్టారు. పడిన ఆరింటిలో మూడు పోయాయి, మూడు లేచాయి. తర్వాత వచ్చిన ల్యాబ్ రిపోర్టు కూడా అదే చెప్పింది. మర్నాడు వచ్చిన లారీని మల్లేశే ఖాళీగా తిప్పి పంపాడు. అవ్వ వాణ్ని తిట్టలేదు. "ఫోన్ల అడుగు బిడ్డా, వద్దన్ననా? ముందుగాల నన్నడుగు," అంది అంతే.

ఆ రోజు ఫోన్ రెండుసార్లు జవాబిచ్చింది. మొదటిసారి నేను చూడకుండా అడిగాను, అది నా ఆలోచన ఆపేసింది. రెండోసారి ఒక మనిషి ఏళ్ల తరబడి చూసినదంతా ప్రశ్నలో పెట్టి అడిగాను, అప్పుడు అది నా ఆలోచనను సముద్రాలు దాటించింది. అప్పటి నుంచి ఏ కేసుకు వెళ్లినా కళ్లతో చూసింది కాగితం మీద రాసుకున్నాకే ఫోన్ తీస్తాను.

పోయిన నెల అటు వెళితే అవ్వ మందతో ఎదురైంది. "డాక్టర్ సాబ్, నీకు దారి సూపిందాన్ని మర్సినవా? ఏది, పట్టు సూద్దాం," అని నవ్వింది.

చూశాను. అన్నీ నల్లటి తలలే, అన్నీ నన్నే చూస్తున్నాయి. ఫోన్‌లో ఆ రోజు తీసిన బెదురుదాని ఫొటో ఉంది. చేయి దానంతటదే జేబులోకి పోయింది. అవ్వ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఖాళీ చేయి బయటికి తీసి, ఒక్కొక్క ముఖమే చూడడం మొదలుపెట్టాను.