భుజం మీద చెయ్యి

అతన్ని వీధిలో అందరూ ‘ఇరవై బై పది’ అనేవాళ్లు. ఫ్లెక్సీలు వేసే మనిషి కావడంతో ఏ సంగతైనా అడుగుల్లోనే చెప్పేవాడు. భార్య కోపాన్ని కూడా, “ఇవాళ ఎనిమిది బై నాలుగుంది పెద్దాయనా, కాసేపు అటు వెళ్లకండి” అని కొలిచి చెప్పేవాడు. అతని షాపు మీది గదిలో నేను ఏడాదిన్నర అద్దెకున్నాను. ఒకచోట అంతకాలం నిలవడం నాకు అలవాటు లేని పని. కింద మిషను తిరిగినంతసేపూ నా మంచం, దాని మీది పుస్తకాలు సన్నగా వణికేవి.

ఫ్లెక్సీలు రాకముందు అతను గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఆ చేతి ఒడుపు పోలేదు. కంప్యూటరులో ఫోటో పెట్టుకుని మనిషిని వెనకున్న గోడ నుంచి, చెట్టు నుంచి, పక్కవాళ్ల నుంచి విడదీసేవాడు. దాన్ని ‘కోత’ అనేవాడు. వెంట్రుక కూడా తెగకుండా కోస్తాడని పేరు.

ఆ ఊళ్లో హైస్కూలు చివరి పరీక్ష ఫలితాలొచ్చిన వారం అతనికి అన్నం తినే తీరిక ఉండేది కాదు. నేను తిరిగిన ఒక రేవుపట్నంలో పిల్ల స్కూలు పూర్తి చేస్తే తండ్రి కొత్త చెప్పులు కొనిచ్చేవాడు, అంతటితో సరి. పాత చరిత్రలు తిరగేస్తే కోట గెలిచిన రాజులు కూడా ఇంత హడావిడి చేసినట్టు కనపడదు. ఇక్కడ ‘గ్రాడ్యుయేషన్ డే’ అని పిల్లలందరికీ నల్ల గౌన్లు, పలక టోపీలు. స్టేజీ మీద పొగ. పైన ఎగిరే కెమెరా. హాలు నుంచి ఇంటి దాకా టాపు లేని కారులో ఊరేగింపు. నిరుడు దర్జీ తన పెద్ద కొడుకును సింహం మీద కూర్చోబెట్టి ఫ్లెక్సీ వేయించాడు. ఆ అబ్బాయి కుక్కను చూస్తేనే గోడెక్కుతాడు.

ఈసారి ఇరవై బై పది కూతురు పాసయింది. చిన్నప్పటి నుంచి దాని పక్కనే కూర్చుని చదివిన స్నేహితురాలు లెక్కల్లో పోయింది. ఆ పిల్ల తల్లి మందుల షాపులో పనిచేసేది. ఆవిడ డ్యూటీలో ఉన్న రోజుల్లో పిల్ల వీళ్లింట్లోనే తిని, వీళ్లింట్లోనే పడుకుని పెరిగింది. అతన్ని “బాబాయ్” అనేది.

ఫలితాలొచ్చిన రోజే కూతురు షాపులోకి వచ్చి చెప్పడం నేను విన్నాను.

“నాన్నా, నాకేం వెయ్యొద్దు. కారూ వద్దు. అది మళ్లీ పరీక్షకి కడతానని ఇంకా ఒప్పుకోలేదు. పుస్తకం ముట్టనంటోంది. నేను పక్కన లేకపోతే అసలు కట్టదు.”

“దాని బొమ్మ వెయ్యనులేమ్మా. నీ ఒక్కదానిదే.”

“నాన్నా, నేను చెప్పేది...”

“ఊరందరికీ వేసి నా కూతురికి వెయ్యకపోతే నా మొహాన ఉమ్మేస్తారే!”

ఆ సాయంత్రం అతను నా దగ్గరికొచ్చి, “మీరు అంత చదివారు కదా, నాలుగు బరువైన మాటలు రాసివ్వండి” అన్నాడు. ఆ పిల్ల వద్దన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. అయినా కాగితం అందుకుని ‘విజయశిఖరాన్ని అధిరోహించిన మా ఇంటి వెలుగు’ అని రాశాను. పొగిడితే చాలు, ఈ వయసులో కూడా నా కలం ఆగదు. తర్వాత అచ్చుకు ముందు తెర మీద చూపించి తప్పులు చూడమన్నాడు. ఒత్తులు చూశాను, దీర్ఘాలు చూశాను, బాగుందన్నాను.

కూతురు నిండుగా నవ్విన ఫోటో అతని దగ్గర ఒక్కటే ఉంది. స్కూలు ఆఖరి రోజున స్నేహితురాలితో కలిసి దిగింది. అతను స్నేహితురాల్ని కోసేశాడు. చెవి పక్కన జుట్టు ఒక్కొక్క పోగూ విడదీశాడు. కానీ అవతలి భుజం మీద నాలుగు వేళ్లూ మణికట్టూ మిగిలిపోయాయి. అతని కళ్లు ముఖం అంచు మీద, నా కళ్లు అక్షరాల మీద. ఆ చెయ్యి ఇద్దరి కంటికీ ఆనలేదు.

మర్నాడు పొద్దున స్కూలు మలుపులో, ఆ మందుల షాపు ఆవిడ ఇంటికి ఎదురుగా కట్టాం. నిచ్చెన పట్టుకున్నది నేనే. పదకొండింటికి కారు వచ్చింది. కూతురు గౌనులో తల వంచుకుని కూర్చుంది. తండ్రి పక్కన నిలబడి అందరికీ చేతులూపుతున్నాడు.

క్షౌరశాల ఆయన దువ్వెన పట్టుకునే బయటికొచ్చాడు. “అన్నా, అమ్మాయి సరే, భుజం మీద ఆ చెయ్యెవరిది? దెయ్యమా, దేవతా?”

వీధంతా నవ్వింది. అప్పుడు చూశాం. వేళ్లు అరటిపళ్లంత, మణికట్టుకు చేటంత గడియారం, దాని తెగిన పట్టీకి చుట్టిన నీలం టేపు. ఆ గడియారం ఎవరిదో వీధిలో తెలియనివాళ్లు లేరు.

కూతురు టోపీ తీసి సీటు మీద పెట్టి, దిగి ఎదురింటి తలుపు కొట్టింది. స్నేహితురాలే తీసింది. చేతికి అదే గడియారం.

“ఆ ఫోటో వేస్తున్నట్టు నాకు తెలీదే. ఒట్టు” అంది కూతురు.

ఆ పిల్ల దాని వంక చూడలేదు. కారులో ఉన్నాయన వంక చూసింది.

“నన్ను తీసేస్తే తీసేశారు బాబాయ్. ఆ నవ్వెందుకు ఉంచారు? నేను నవ్విస్తేనే అది నవ్వింది. అదీ కోసెయ్యండి.”

తలుపు మూసుకుంది. కూతురు గౌనుతోనే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇరవై బై పది కారు దిగి, నిచ్చెన వేసుకుని, ముడులు విప్పే ఓపిక లేక తాళ్లు కోశాడు. ఫ్లెక్సీ అతని నెత్తి మీద పడింది. నవ్వేవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఫ్లెక్సీ మీది మాటలు నావేనని ఎవరికీ తెలియదు. నేను చెప్పనూ లేదు.

మధ్యాహ్నం దాకా కూతురు మెట్టు మీదే ఉంది. తర్వాత మందుల షాపు ఆవిడ తలుపు కొంచెం తీసి దాన్ని లోపలికి పిలిచింది. తండ్రి రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి తట్టకుండానే తిరిగొచ్చాడు. ఆ ఇంటి ముందు అతను నిలబడ్డ తీరు చూడలేక నేను పక్క సందులోంచి నా గదికి పోయాను.

మర్నాడు దర్జీ షాపుకొచ్చాడు. “అన్నా, మా చిన్నాడు కూడా పాసయ్యాడు. ఇరవై రెండు అడుగులు వెయ్యి. ఈసారి ఏనుగు.”

“ముందు వాణ్ణి అడిగి రా.”

“వాణ్ణి అడిగేదేంటి? నువ్వు అడిగావా మీ అమ్మాయిని?”

“అడక్కుండానే చెప్పింది” అన్నాడు ఇరవై బై పది, తెర మీద నుంచి తల ఎత్తకుండా.