చిరుత ముందు మేకల తగువు

మంచు చిరుత గురించి ఎనిమిది పేజీలు నాకు ఇప్పటికీ కామాలతో సహా నోటికొచ్చు. కావాలంటే అప్పజెప్తాను. మధ్యలో ఆపకూడదు, అంతే.

అమెరికాలో శాన్ రామన్‌కి వచ్చిన ఆరేళ్ళలో, తలా ఒక వంట తెచ్చుకుని తినే ప్రతి పాట్‌లక్‌లోనూ ఎవరో ఒకరు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "తను హెచ్-ఫోర్ అండీ, ఇంట్లోనే" అని చెప్పేసేవాడు. అబద్ధమేం కాదు. కానీ ఆ మాట వినగానే అడిగినవాళ్ళ చూపు నా మీంచి బిర్యానీ ట్రే మీదికి జారిపోయేది. నాకు ఒళ్ళు మండేది. భర్త ఉద్యోగాన్ని బట్టి భార్యకిచ్చే ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గానీ, ఊరికే సేవ చేస్తానంటే ఎవరూ వద్దనరు. అందుకని గంట దూరంలో ఉన్న ఒక జూలో వాలంటీర్‌గా చేరాను. మంచు చిరుతను నాకు అప్పగించారు. అంటే దాని ఎన్‌క్లోజర్ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి అది అడవిలో ఎలా పుడుతుందో, ఎలా బతుకుతుందో చెప్పాలన్నమాట.

దానికో పరీక్ష ఉంది. జనం ముందు పది నిమిషాలు మాట్లాడి పాసైతే ఆకుపచ్చ జాకెట్, పేరు రాసిన బ్యాడ్జి ఇస్తారు. రెండుసార్లు తప్పితే గేటు దగ్గర మ్యాపులు పంచాలి. నాకు ఆ బ్యాడ్జి కావాలి. ఈ దేశంలో నా పేరున్న ముఖ్యమైన కాగితాలన్నిటి మీదా పక్కనే మా ఆయన పేరు కూడా ఉంటుంది.

మాకు ట్రైనింగ్ ఇచ్చినావిడ రిటైరైన అమెరికన్ స్కూల్ టీచర్. ఎనిమిది పేజీల పుస్తకం చేతికిచ్చి చదువుకోమంది. చదువుకోవడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ వారం రోజుల్లో మొత్తం బట్టీ పట్టేశాను. రోజూ మా ఆయనకి అప్పజెప్పేదాన్ని. ఆయన ల్యాప్‌టాప్ మూసేసి, పుస్తకంలో లైను లైనుకీ వేలు పెట్టి సరిచూసేవాడు. "ఆరో పేజీలో ఒక 'అండ్' మింగేశావ్" అనేవాడు. ఆయన అలా అనగానే నేను మళ్ళీ మొదటి పేజీకి పోయేదాన్ని.

మొదటి పరీక్ష రోజు ట్రైనర్ క్లిప్‌బోర్డ్ పట్టుకుని వెనక నిలబడింది. మంచు చిరుతలు ఆసియాలో ఎత్తైన పర్వతాల మీద నివసిస్తాయి అని ఇంగ్లీషులో గడగడా ఎత్తుకున్నాను. తోక దాకా బండి బాగానే నడిచింది. అప్పుడు ముందు వరసలోని ఒక పాప "ఏదీ? నాకు కనిపించట్లేదు" అంది. చిరుత ఎదురుగానే ఉంది. బూడిదరంగు బండ మీద బూడిదరంగు చర్మంతో పడుకుంటే ఎవరికి మాత్రం కనిపిస్తుంది? వేలు చూపిస్తే సరిపోయేది. నేను చూపించలేదు. ఆగిపోయాను, ఎక్కడ ఆగానో మర్చిపోయాను, ఆసియా పర్వతాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. తోక దగ్గరికి రాగానే ఆ పాప మళ్ళీ అడిగింది. మూడోసారి ఆసియా ఎక్కేసరికి నా ముందు ట్రైనర్, చిరుత తప్ప ఎవరూ మిగల్లేదు. చిరుత కూడా నిద్రపోతోంది.

"నీకు అన్నీ తెలుసు. కానీ ఎవరికి చెప్తున్నావు?" అని ట్రైనర్ మెల్లగా అడిగింది. నిజం చెప్పాలంటే మా పదో తరగతి సైన్స్ మేడమ్‌కి చెప్తున్నాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. కార్లో కూర్చుని ఏడ్చాను.

రెండు వారాల తర్వాత, శనివారం నాడు, ఆఖరి ఛాన్స్. పెదవులు తడుపుకుని ఆసియా అనబోతుంటే, చీర మీద స్వెటరూ, కాళ్ళకి స్పోర్ట్స్ షూసూ వేసుకున్న ఒక పెద్దావిడ కూతురితో, అల్లుడితో వచ్చి నా మొహాన బొట్టు చూసి ఆగింది.

"తెలుగు పిల్లవా బిడ్డా? యాడున్నది చిరుత? పొద్దుగాల సంది చూస్తున్నం, అన్నీ పండుకునే ఉన్నయి."

"అదిగో పెద్దమ్మా, ఆ బండ చివర. తోక చూడండి. చలేస్తే దాన్నే దుప్పటిలా కప్పుకుంటుంది" అంటూ నా స్కార్ఫ్ ముక్కు మీదికి చుట్టుకుని చూపించాను.

"ఎన్ని పిల్లల్ని పెడ్తది?"

"రెండో మూడో. రాళ్ళ సందులో తన బొచ్చే పరిచి కంటుంది. వారం దాకా వాటికి కళ్ళు కూడా తెరుచుకోవు."

"మరి తండ్రేం జేస్తడు?"

"ఏం చేయడు. జత కట్టాక వెళ్ళిపోతాడు."

ఆవిడ చంటిపిల్ల స్ట్రోలర్ తోస్తున్న అల్లుడి వైపు తిరిగింది. "ఇన్నవా అల్లుడూ, నువ్వే నయం." ఆయన థాంక్స్ చెప్పాడు.

తిండి దగ్గర గొడవ మొదలైంది. కొండ గొర్రెలు దొరక్కపోతే కాపరుల దొడ్లో దూరుతుందని, అప్పుడు వాళ్ళు దాన్ని చంపేస్తారని చెప్పాను.

"సంపరా మరి? ఓసారి మా మందల తోడేలు వడి పన్నెండు మేకల సంపింది. నెలదాకా ఏడ్చినం. నువ్వెప్పుడన్న మేకల కాసినవా?"

"లేదు."

"మరి నీకేమెరుక?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చిరుత మాత్రం ఏం చేస్తుంది పెద్దమ్మా? ఆ కొండ గొర్రెలు మేసే చోటంతా మన మందలే మేస్తే దానికి తిండేదీ? దాదాపు రెండేళ్ళు వచ్చేదాకా పిల్లలకి వేట అదే నేర్పాలి. తల్లిని చంపితే పిల్లలూ పోయినట్టే. దొడ్డి మీద గట్టి వల కప్పితే అది దూరలేదు."

"ఎవరు గప్పుతరు? నువ్వు వోతవా?"

"వీసా ఇస్తే పోతాను."

మా గొంతులకి చుట్టూ పాతికమంది పోగయ్యారు. టోపీ పెట్టుకున్న ఒకాయన వీళ్ళు కొట్టుకుంటారా అని ఆవిడ కూతుర్ని అడిగాడు. అబ్బే, మేకల గురించి మాట్లాడుకుంటున్నారని ఆమె సర్దిచెప్పింది. అయితే ఎవరిది న్యాయమని ఆయన నన్నే అడిగాడు. ఉన్న కోపంలోనే ఇంగ్లీషులోకి తిరిగి, కాపరి కష్టం, చిరుత కష్టం రెండూ చెప్పాను. ఎవరో మధ్యలో అడ్డుపడి పిల్లల గురించి అడిగారు. జవాబిచ్చి, వదిలిన చోటు నుంచే అందుకున్నాను. ఏ పేజీ ముందో ఏది వెనకో నాకే తెలియలేదు.

"ముందుగాల వల గప్పుమను బిడ్డా, అటెన్క దాని సంగతి జూద్దాం" అని పెద్దావిడ ఏమాత్రం తగ్గకుండా వెళ్ళిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వెనక ట్రైనర్ ఉందని.

"దేని గురించి ఆ గొడవ?"

"మేకల గురించి."

ఆవిడ ఏదో రాసి కాగితం నా చేతిలో పెట్టింది. పాస్ అని ఉంది. కింద ఇంకో లైను. వీలైతే ఆ పెద్దావిడను కూడా చేర్చుకోవాలట.

ఆ తర్వాతి పాట్‌లక్‌లో ఒకావిడ "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది. మా ఆయన అలవాటుగా నోరు తెరిచి, నన్ను చూసి మూసేశాడు.

"మంచు చిరుతల గురించి చెప్తుంటానండీ, జూలో" అన్నాను.

ఆవిడ చూపు ట్రే మీదికి పోలేదు. "అవునా? పిల్లల్ని ఎలా పెంచుకుంటుందండీ, ఆ చలిలో?"

"ఒక్కతే పెంచుకుంటుంది."

"మరి తండ్రి?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ప్లేటులోకి తల దించుకుని, "జత కట్టాక వెళ్ళిపోతాడండీ. నాలుగో పేజీ" అన్నాడు.