అలక పాన్పు మీద యాభై ఎనిమిది

నాకు టైప్ వన్ షుగర్ ఇరవై రెండో ఏట వచ్చింది. అప్పటికి నేను వెదురు బద్దలా ఉండేవాణ్ణి. "ఇంత సన్నగా ఉన్నాడు, ఇతనికి షుగరేంటండీ" అని మా వీధంతా డాక్టరు మీద అనుమానపడింది. ఆ అనుమానం తీరాక సలహాల్లో పడ్డారు. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి. నా ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది, బయటి నుంచి పొడుచుకోవడం తప్ప దారి లేదు అని చెబితే, "ఆ సూదులకి అలవాటు పడిపోకు బాబూ" అని బుజ్జగించేవారు. అన్నానికి అలవాటు పడిపోకు అన్నట్టు వినిపించేది నాకు.

అసలు కష్టం సూది కాదు, లెక్క. ఎంత తింటే అంత ఇన్సులిన్. రాజమండ్రిలో డాక్టరుగారిచ్చిన కాగితంలో అన్నం కప్పుల్లో ఉంది. మా ఇంట్లో కప్పులో కాఫీ తప్ప మరోటి ఎరగం. అన్నం హస్తంతో, అంటే వడ్డించే పెద్ద గరిటెతో పడుతుంది, అదీ అమ్మ మనసుని బట్టి పడుతుంది. నా మీద జాలేస్తే హస్తం నిండుగా, కోపమొస్తే అంతకన్నా నిండుగా. చివరికి తూకం మిషను కొనుక్కొచ్చి హస్తం హస్తం తూచాను. "కన్నతల్లి పెట్టిన అన్నం తూచుకు తినేవాణ్ణి నిన్నే చూశాన్రా" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి ఆవిడే వంటింట్లోంచి "రెండు హస్తాలు, గరిటెడు పప్పు" అని కేకేసేది. గదిలో నేను ఇన్సులిన్ పెన్ను తిప్పి అంకె పెట్టుకునేవాణ్ణి.

ఒక్కటే నియమం. సూది దిగాక భోజనం ఆగకూడదు. ఆగితే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, ఊరికే కోపం, ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పడం. అప్పుడు మందు పంచదారే. ఏడేళ్ళు ఈ నియమం తప్పకుండా నడిచాను. పెళ్ళయిన మూడో రోజు తప్పాను.

మా అత్తవారిది రావులపాలెం దగ్గర ఊరు. పెళ్ళిచూపుల్లోనే తండ్రీకూతుళ్ళిద్దరికీ విషయం చెప్పేశాను. అమ్మాయి మూడు ప్రశ్నలడిగింది. సూది నొప్పెడుతుందా, మీరు పడిపోతే నేనేం చెయ్యాలి, మీకు మామిడిపండు ఇష్టమా. మావగారు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఆయన ఏ ప్రశ్నా అడగలేదు. "నాకేం అభ్యంతరం లేదండి. కానీ మావాళ్ళకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు, నానా మాటలూ అంటారు. మెల్లిగా చెప్పుకుందాం" అన్నారు. సరేనని మాటిచ్చాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం "అల్లుడుగారూ, ఆకులు వేసేశారండి, వచ్చెయ్యండి" అని పిలుపొచ్చింది. పులిహోర, బొబ్బట్లు, పాయసం, పైగా గోదావరి జిల్లా కొసరు. అన్నీ లెక్కేసి బాత్రూములో పన్నెండు యూనిట్లు పొడుచుకుని బయటికొచ్చాను. ఒంటి మీద పట్టుపంచె, కండువా. జేబు లేదు. ఎప్పుడూ జేబులో ఉండే పంచదార పొట్లం గదిలో సంచిలో ఉండిపోయింది.

హాల్లో ఆకులూ ఉన్నాయి, వాటి పక్కన దుప్పటి పరిచిన పట్టెమంచమూ ఉంది. మావగారి అక్కగారు దాని పక్కన నిలబడి ఉన్నారు. ఆ ఇంట్లో ఆవిడ మాటే చట్టం. "ముందు అలక పాన్పు, తరవాతే భోజనాలు. అలాగే చెయ్యాలి" అన్నారు.

కొత్త అల్లుడు మంచం మీద అలిగి కూర్చోవాలి. మావగారు బతిమాలాలి. కోరింది ఇస్తామనేదాకా అల్లుడు మంచం దిగకూడదు, ఏమీ ముట్టకూడదు. అల్లుడు తినందే ఎవరూ తినకూడదు. పక్కన మా ఆవిడ తల వంచుకుని కూర్చోవాలి, మాట్లాడకూడదు.

ఐదు నిమిషాల పనే కదా అని కూర్చున్నాను. మావగారు ఉంగరమన్నారు. నేను చాలనబోయేసరికి నాతో వచ్చిన మా అక్క వెనకనుంచి వీపు మీద పొడిచి "అప్పుడే దిగకురా, పరువు పోతుంది" అంది. అటువాళ్ళు ఇటువాళ్ళు వేళాకోళాలాడుకుంటూ ఉండగా పావుగంటయింది, అరగంటయింది. నాకు చెమటలు మొదలయ్యాయి. చేతులు వణికాయి. ఆ గదిలో ప్రతి ఒక్కరి మీదా నిజంగా ఒళ్ళు మండిపోయింది.

"చూడండి, అలగడమంటే ఇలా అలగాలి" అన్నారు ఎవరో మెచ్చుకోలుగా. "మా ఆయనా అలిగాడు, ఎందుకూ, నవ్వేశాడు."

ఆ పూటకి నన్ను మించిన అల్లుడు లేడు. ఫొటోలు కూడా తీశారు. లేచి నిజం చెప్పేస్తే పోయేది. ముందు మాటిచ్చానని ఊరుకున్నాను, తరవాత చెప్పాలన్నా మాటలు కుదరలేదు. కుదిరింది ఒక్కటే.

"పంచదార" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. "మోటారు సైకిల్ అడుగుతాడనుకుంటే పంచదారేంటండీ" అని ఒకరు, "వెయ్యవయ్యా బస్తా" అని ఒకరు. నవ్వనివారు మావగారొక్కరే. షుగరున్నవాడు తీపి ముట్టకూడదన్నది ఒక్కటే ఆయనకి తెలిసిన వైద్యం.

"అది తప్ప ఏదైనా అడగండి బాబూ" అన్నారు, గొంతు తగ్గించి.

"పంచదారే కావాలి."

"స్కూటరిస్తాను. పంచదార మాత్రం ఇవ్వను."

నవ్వులాగిపోయాయి. అక్కగారికి తల కొట్టేసినట్టయింది. "స్కూటరిస్తావు గానీ చెంచాడు పంచదార ఇవ్వవేంటిరా తమ్ముడూ" అని తనే ఒక బొబ్బట్టు పట్టుకొచ్చారు. నేను చెయ్యి చాచాను. మావగారు ఆ బొబ్బట్టు లాగేసుకుని వీపు వెనక దాచుకున్నారు. అరవై ఏళ్ళ లెక్కల మాస్టారు, నన్ను కాపాడాలని, కళ్ళనిండా నీళ్ళతో, నన్ను చంపే పనిలో ఉన్నారు.

ఆ పక్క నుంచి మా ఆవిడ లేచింది. మాట్లాడకూడని మనిషి. వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా తెచ్చి, నా గడ్డం పట్టుకుని చెంచాతో మూడుసార్లు నోట్లో పోసింది. గదిలోంచి సంచి తెచ్చి వేలు గుచ్చి షుగరు మిషన్లో చూసింది. యాభై ఎనిమిది. డెబ్భైకి తగ్గకూడదు.

"ఆయనకి షుగరుంది" అంది అందరికీ వినబడేలా. "ఇప్పుడు పడిపోయింది."

"షుగరున్నవాడికి పంచదార పోస్తావేంటే" అన్నారు అక్కగారు.

"ఎక్కువైతే సూది, పడిపోతే పంచదార అత్తా. ఇంకో పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి. ముందు అన్నం పెట్టండి."

నానా మాటలూ రావాల్సింది అప్పుడే. రాలేదు. నేను పులిహోర తింటుంటే అక్కగారు మంచం అంచున కూర్చుని వేలు చాచారు. "నాకూ ఓసారి చూడు బాబూ. ఆరేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను, తమ్ముడు బెంగపడతాడని చెప్పలేదు." ఆవిడ వెనకాల ఒక బాబాయిగారు నిలబడ్డారు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు. అలక పాన్పు మీద మిషన్లో పెట్టే నా స్ట్రిప్పులన్నీ అయిపోయాయి.

సాయంత్రం మావగారు గదిలోకొచ్చారు. ఆ బొబ్బట్టు ఇంకా కాగితంలో చుట్టి చేతిలోనే ఉంది.

"ఇందాక అమ్మాయి లేవకపోతే ఏమయ్యేది?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఈ ఇంట్లో దాచినది చాలనిపించి, ఉన్నది చెప్పాను. ఆయన జేబులోంచి పెన్ను తీశారు, రాసే పెన్నే, బొబ్బట్టు చుట్టిన కాగితం అంచు చింపుకున్నారు.

"ఎన్ని చెంచాలు వేసిందండి?"

"మూడు."

రాసుకున్నారు. "ఎంతసేపటికి మళ్ళీ చూడాలి?"

"పదిహేను నిమిషాలకి."

అదీ రాసుకుని, ఒకసారి పైకి చదివి, తప్పుందేమో చూడమని కాగితం నా చేతికిచ్చారు.