గోడ అవతల ఊఁ కొట్టిన మనిషి

విశాలాక్షి పిన్ని పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే యాదమ్మ. షేక్‌పేట నుంచి రోజూ పొద్దున్నే తడిగుడ్డ కప్పిన బుట్టతో మా గుమ్మంలో దిగుతుంది. ఆ రోజు గుడ్డ తీయగానే మరువం వాసన గుప్పుమంది. పూజకు చామంతులు మూర వేస్తూ, తలెత్తకుండానే అంది.

"అమ్మా, మీకెరుకేనా? గొంతమ్మ పోయిందంట. వెంగళరావు నగర్‌ల మా చెల్లె పూలిస్తది గదా, గామె చెప్పింది."

"ఏ గొంతమ్మ?" అన్నాను, తెలిసే.

"గదే, సినిమాలల్ల ఏడ్సేటామె. ఎన్కట మీ పక్క పోర్షన్ల కిరాయికుండె. మరువమంటే పానం ఆమెకు." బుట్టలోంచి ఒక రెమ్మ తీసి చామంతుల మీద పెట్టి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

దేవుడి దగ్గర పూలు పెట్టాను గాని మంత్రం నోట రాలేదు. మీలో ఎవరూ విశాలాక్షి పిన్నిని చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. తెరమీద ఆడవాళ్ళు ప్రసవ వేదన పడుతున్నా, జ్వరంతో కలవరిస్తున్నా, కొడుకు శవం మీద పడి ఏడుస్తున్నా, ఆ రోజుల్లో సగం గొంతులు ఆవిడవే. మాటలు చెప్పే డబ్బింగ్ ఆర్టిస్టులు వేరే ఉండేవారు. మాటలు ఆగిపోయిన చోటికి ఈవిడని పిలిచేవారు.

మా నాన్న సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరు. పరిశ్రమ మద్రాసు నుంచి కొంచెం కొంచెంగా ఇటు తరలి వస్తున్న రోజుల్లో మేమూ మూటాముల్లె కట్టుకుని వచ్చాం. ఫిలింనగర్‌లో అప్పటికి ఇళ్ళకన్నా బండలే ఎక్కువ. పగలంతా ఎక్కడో ఒక చోట రాయి కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండేది. మాది రెండు పోర్షన్ల ఇల్లు. నేను పడుకునే గదికీ పక్క పోర్షనుకీ మధ్య ఒకటే గోడ, గోడ పైన చెక్క పలకల వెంటిలేటరు.

ఏడో ఏట నా కీళ్ళు వాచాయి. చిన్నపిల్లలకు వచ్చే కీళ్ళవాతం అన్నారు. బడి మానిపించారు. అమ్మే నాకు అక్షరాలూ లెక్కలూ చెప్పింది, వంటింట్లో కూర తరుగుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఆ జబ్బుకు ఒక పేరుంది, మందుంది, మోకాలికి వేడి కాపడం ఉంది. పేరున్న జబ్బుతో మా ఇల్లు ఎలాగో సర్దుకుంది. పదో ఏడు వచ్చాక మొదలైన దానికే పేరు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎడమ పక్కటెముక కింద ఏదో మెలిపెట్టేది. అక్కణ్ణుంచి వీపులోకి పాకేది. చేతులు చల్లబడేవి, కళ్ళముందు మసక కమ్మేది. కాసేపటికి దానంతటదే వెళ్ళిపోయేది. కీళ్ళకూ దీనికీ సంబంధం లేదన్నారు. రక్తం చూశారు, ఎక్స్‌రేలు తీశారు, గొట్టం మింగించారు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

చివరికి ఒక పెద్ద డాక్టరు అమ్మానాన్నలను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. "అబద్ధం చెబుతోందని నేను అనను. ఎప్పుడూ జబ్బులో ఉన్న పిల్లలకు ఇలాంటి అలవాట్లు పడతాయి. మూలిగినప్పుడు దగ్గరికి వెళ్ళకండి. చూసేవాళ్ళు లేకపోతే అదే మానేస్తుంది."

మా అమ్మానాన్నలు రాతిగుండె వాళ్ళు కారు. ఆ మాట ముందే చెప్పాలి. వేళకు మందు వేసినంత భక్తిగా వాళ్ళు ఆ సలహాను పాటించారు. నొప్పి మొదలైతే అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. నాన్న ఇంట్లో ఉంటే వాకిట్లోకి వెళ్ళి స్కూటరు తుడిచేవాడు. కిటికీ తెర మీద ఆయన నీడ పడేది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఎంతసేపటికీ కదిలేది కాదు. అయిపోయాక అమ్మ ఏమీ ఎరగనట్టు వచ్చి, "మజ్జిగ తాగుతావా పాపా?" అనేది. కళ్ళు నా వైపు తిప్పేది కాదు. ఆ ఇంట్లో ముగ్గురం ముగ్గురి కోసమే బతుకుతూ, ఆ కాస్సేపూ మూడు దిక్కుల్లో ఉండేవాళ్ళం.

అలాంటి ఒక మధ్యాహ్నం, నేను మూలగగానే వెంటిలేటరులోంచి ఎవరో "ఊఁ" అన్నారు.

కథ చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు ఊఁ కొడతారే, అచ్చం అలాగే. భయపడి ఊరుకున్నాను. నొప్పి మళ్ళీ మెలిపెట్టింది. మళ్ళీ మూలిగాను. మళ్ళీ "ఊఁ". జాలి లేదు, ఆరా లేదు. తర్వాతేమైంది, చెప్పు, వింటున్నాను, అన్నట్టు ఉంది. నొప్పి ఏమీ తగ్గలేదు. కాని ఆ రోజు మొదటిసారి దానితో నేనొక్కదాన్నే లేను.

అంతకు వారం ముందే పక్క పోర్షనులోకి దిగిన విశాలాక్షి గారు సాయంత్రం కాఫీపొడి వంకతో మా ఇంటికి వచ్చింది. పొట్టి మనిషి, మెడకు ఎండాకాలంలో కూడా ఉన్ని గుడ్డ చుట్టుకునేది, చల్లనీళ్ళు ముట్టేది కాదు. ఒంటరి మనిషి. భర్త సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కుర్చీలో కూలబడి, "ఇవాళ మూడుసార్లు చచ్చాను అక్కయ్యా," అంది అమ్మతో. "రెండోసారి చచ్చింది డైరెక్టరు గారికి నచ్చలేదట. కొంచెం ఇష్టంగా చావమన్నాడు."

అమ్మకు నవ్వొచ్చింది. వెంటనే ముఖం సర్దుకుని అసలు మాటకు వచ్చింది. "మీరు మధ్యాహ్నం మా పాపకు పలుకుతున్నారండీ. ఏమీ అనుకోకండి. పట్టించుకోవద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు."

"మీకు చెప్పారు అక్కయ్యా, మీరు అమ్మ గనక. నాకెవరూ చెప్పలేదుగా."

"పలికితే దానికి అలవాటవుతుందని..."

"సరే, పలకనులెండి," అంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ "ఊఁ" వినిపించింది. ఈసారి మరీ మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా.

పని లేని రోజుల్లో నన్ను తన గదిలో కూర్చోబెట్టుకునేది. నేను పిన్నీ అని పిలవడం అలా అలవాటైంది. పాత స్క్రిప్టు కాగితాలు ఇచ్చి పైకి చదవమనేది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూపించేది. ఒకరోజు నేను అడగలేక అడగలేక అడిగాను. అప్పటికి నాకే నా మీద నమ్మకం పోయింది.

"పిన్నీ, నేను నటిస్తున్నానా?"

ఆవిడ గొంతు కోసం నమిలే మిరియాలను బుగ్గన పెట్టుకుని అంది. "నాకు వైద్యం తెలీదు బుజ్జమ్మా. నీకేం జబ్బుందో, అసలుందో లేదో నేను చెప్పలేను. నాకు తెలిసింది ఒకటే. నా మూలుగు మైకు దగ్గరికి వెళుతుంది. నీది లోపలికి వెళ్ళిపోతుంది. సగంలో మింగేస్తావు. ఎవరికోసం మింగుతున్నావే?"

పెరట్లో గిన్నెల చప్పుడు ఆవిడకూ వినపడుతూనే ఉండేది కదా.

ఆ మరుసటి ఏడు నాన్న పనిచేసిన సినిమా ఒకటి పూర్తయింది. జూబ్లీహిల్స్‌లో ప్రివ్యూ వేశారు. నా కీళ్ళు కాస్త తెరిపిన ఉన్నాయని నన్నూ తీసుకెళ్ళారు. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టింది. నాన్న నన్ను ఎత్తుకుని మెట్లెక్కి, అమ్మకూ తనకూ మధ్య కూర్చోబెట్టాడు. సగం సినిమా దాకా హాయిగానే ఉంది. తర్వాత కథానాయికకు జబ్బు చేసింది. పూరింట్లో మంచం మీద ఒంటరిగా పడి ఉంది. పాట లేదు, వెనక సంగీతం కూడా తీసేశారు. చీకట్లో ఒక మూలుగు వినిపించింది.

అది నాది. సన్నగా మొదలై, సగంలో గుటక పడి తెగిపోయి, కాసేపటికి ముక్కులోంచి చిన్నగా బయటికి వచ్చే మూలుగు. పక్కన అమ్మ ఏం చేసిందో నేను చూశాను. చప్పున ముఖం అటు తిప్పేసుకుంది. ఏడాదిగా చేస్తున్న అలవాటు. చెయ్యి కుర్చీ మీద ఆనించి, లేచి వెళ్ళబోయింది కూడా. మళ్ళీ వినిపించింది. అప్పుడు మెల్లగా నా వైపు తిరిగింది. తెర వెలుగులో నా నోరు మూసి ఉండటం చూసింది. తెర వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. మా వెనక వరసలో ఎవరో పెద్దాయన ముక్కు చీదుతున్నాడు. "అయ్యో, ఒక్కరైనా లేరే దాని దగ్గర," అంది ఎవరో ఆడమనిషి. హాలు మొత్తం ఆ మూలుగుకు కరిగిపోతోంది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గాజులు నొక్కుకునేంత గట్టిగా. సినిమా అయ్యేదాకా వదల్లేదు. నాన్న తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మసకగా తప్ప ఏమీ కనపడదు ఆయనకు అది లేకపోతే.

ఇంటికి రాగానే అమ్మ పట్టుచీరతోనే పక్క పోర్షను తలుపు తట్టింది. మా అమ్మ గొంతు పెంచడం నేను అంతకు ముందు వినలేదు.

"మా పిల్ల మూలుగు మైకులో పెట్టి అమ్ముకున్నారా విశాలాక్షి గారూ?"

పిన్నికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సినిమా ముక్కను చుట్టలా అతికించి, సరిగ్గా కుదిరేదాకా తెరమీద తిప్పుతూనే ఉంటారు, దాన్ని లూపు అంటారు. "ఆ లూపు ఎంతకీ కుదరలేదు అక్కయ్యా. ఏడుపు ఎక్కువైందన్నారు. కళ్ళు మూసుకున్నాను, ఏదో వచ్చింది, ఓకే అన్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు మీరంటే తెలుస్తోంది. రోజూ వింటున్నదేగా." ఒంగి అమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. "తప్పే. నన్ను తిట్టండి."

"తిట్టడానికే వచ్చాను," అంది అమ్మ. ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "అందరూ విన్నారండీ అక్కడ. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు విన్నారు," అంది.

నాన్న చెప్పులు కూడా విప్పకుండా వెనక నిలబడి ఉన్నాడు. "లేవవే," అన్నాడు. "రేపటి నుంచి దాని దగ్గర కూర్చుందాం. డాక్టరు గారితో నేను చెప్పుకుంటాను."

చెప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం పెరట్లో గిన్నెల చప్పుడు లేదు. అమ్మ నా మంచం మీద కూర్చుని నా వీపు తన ఛాతీకి ఆనించుకుంది. ఏం చెయ్యాలో తెలియక ఊరికే పట్టుకుంది. నొప్పి రావడం మానలేదు. ఇప్పటికీ పూర్తిగా మానలేదు. ఏళ్ళ తర్వాత దానికి ఒకరు ఒక పేరు పెడితే ఇంకొకరు అది కాదన్నారు. కాని ఆ రోజు తర్వాత, వాళ్ళు ఉన్నన్నాళ్ళూ, అమ్మానాన్నలలో ఎవరో ఒకరు దగ్గర లేకుండా అది వచ్చి వెళ్ళిన మధ్యాహ్నం లేదు. ఇంతకన్నా పెద్ద వరం నేను ఏ దేవుణ్ణీ అడగలేదు.

అయితే వెంటిలేటరులోంచి మళ్ళీ "ఊఁ" వినపడలేదు. కొన్నాళ్ళకు చూస్తే అటువైపు నుంచి చెక్క పలకల వెనక అట్టముక్క పెట్టి ఉంది. ఎందుకు పిన్నీ అని అడిగాను. "నీకిప్పుడు మీ అమ్మ ఉందిగా బుజ్జమ్మా. నా చెవులు మంచివి కావు. విన్నదాన్ని దాచుకోలేవు," అంది నవ్వుతూ. అమ్మ ఎంతగా చెప్పినా ఆ అట్ట తీయలేదు. ఏడాది తిరక్కుండా వెంగళరావు నగర్‌కు ఇల్లు మారిపోయింది. నొప్పుల లూపులకు వెళ్ళడం తగ్గించుకుందని నాన్న చెప్పేవాడు. దొరికే పనే అది. మరి ఎలా గడిచిందో.

అమ్మానాన్నలు పోయాక నేను ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ గొంతు అప్పటికి బొంగురుపోయింది, దగ్గరగా కూర్చుంటే తప్ప వినపడదు. నన్ను పోల్చుకుని, అన్నిటికన్నా ముందు అదే అడిగింది.

"ఇప్పటికీ వస్తుందా?"

"అప్పుడప్పుడూ వస్తుంది పిన్నీ."

"అప్పుడు దగ్గర ఎవరుంటారు?"

"దేవుడున్నాడుగా," అన్నాను.

"ఉంటే ఉన్నాడులే," అంది. "ఆయన ఊఁ కొట్టడు కదే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా భక్తికి ఆ మాట అపచారం అనిపించలేదు. దేవుడు మౌనంగా ఉంటాడు గనకనే ఇలాంటి మనుషుల్ని పక్క పోర్షన్లలోకి దింపుతాడని నేను నమ్ముతాను.

నేను ఇప్పుడు మా వాకిట్లో పదిమంది పిల్లలకు చదువు చెబుతాను. వాళ్ళలో ఎవరైనా కడుపునొప్పి అంటే, నిజమా అని నేను అడగను. ఎక్కడ, ఎందుకు అని కూడా ముందే అడగను. పాఠం ఆపి పక్కన కూర్చుంటాను. పిల్లలు నన్ను మోసం చేసిన రోజులూ ఉంటాయి, ఉండనీ. పది అబద్ధాల పక్కన కూర్చుంటే ఒక నిజం పక్కన కూర్చునే అదృష్టం దొరుకుతుంది.

విశాలాక్షి పిన్ని పేరు ఏ సినిమా టైటిల్స్‌లోనూ పడలేదు. కన్నపిల్లలు లేరు, తద్దినం పెట్టేవాళ్ళు లేరు. చదువుతున్న మిమ్మల్ని నేను కోరేది ఒకటే. ఎప్పుడైనా పాత సినిమాలో ఒక ఆడమనిషి మాట లేకుండా మూలుగుతుంటే, మీకు గొంతులో ఏదో అడ్డుపడితే, తెరమీద ముఖాన్ని తర్వాత చూడవచ్చు. ముందు విశాలాక్షి అని ఒక్కసారి పేరు పెట్టి తలుచుకోండి.